పుట్టిల్లు పట్నం జూ... మెట్టినిల్లు నల్లమల

(మా అచ్చంపేట విలేకరి)

బర్రె ఈనే రోజున మన ఇళ్లలో జరిగే హడావిడి ఎవరికీ చెప్పనక్కరలేదు. కొట్టం ఊడ్చి వరిగడ్డి పరుస్తారు. పిల్లలను అటు పోనివ్వరు. మాయ పడేదాకా ఇంటి పెద్ద కునుకు తీయడు. కొత్త మనిషి ఎవరైనా తొంగి చూస్తే దిష్టి తగులుతుందని గదమాయిస్తారు. సరిగ్గా ఇదే తంతు హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఆడసింహానికీ, ఆడపులికీ కూడా జరుగుతుందంటే మన రైతులకు వింతగానే ఉంటుంది. తేడా ఒక్కటే. మన కొట్టంలోకి తొంగి చూసేది ఒకరిద్దరు. అక్కడ సెలవు రోజున తొంగి చూసేవారు వేలల్లో ఉంటారు.

వేసవి సెలవులు వచ్చాయంటే అచ్చంపేట, వంగూరు, ఉప్పునుంతల, అమ్రాబాద్ వైపు నుంచి పిల్లాజెల్లాతో పట్నం బయలుదేరే కుటుంబాలకు లెక్కలేదు. చార్మినార్, బిర్లా మందిరం చూశాక మిగిలిన పూటంతా జూకే. అలా వెళ్లిన ఒక బృందంతో కలిసి ఈ విలేకరి కూడా ఒక రోజంతా అక్కడ తిరిగాడు. జంతువులను చూసి వచ్చామని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ జంతువుల కాన్పుల సంగతి అడిగి తెలుసుకున్నవారు తక్కువ. అందులోనూ ఒక జంతువు సంగతి మన నాగర్‌కర్నూల్ జిల్లా వాసులకు నేరుగా సంబంధించినది. దాని ముచ్చట చివరన వస్తుంది.

సోమవారం పోతే గేటే గతి

ఇమ్లీబన్ బస్టాండులో దిగి బహదూర్‌పురా వైపు పోయే సిటీ బస్సు ఎక్కితే జూ గేటు దగ్గర దిగవచ్చు. సోమవారం సెలవు. ఈ సంగతి తెలియక పల్లెల నుంచి వచ్చి, గేటు ముందు నిలబడి, తెచ్చుకున్న సద్ది అక్కడే విప్పి తిని వెనుదిరిగే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

మీర్ ఆలం చెరువును ఆనుకుని 380 ఎకరాల్లో ఉన్న ఈ జూను 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచారు. అంతకు ముందు నగరంలోని పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే మన పెద్దలు చెప్పే బాగేఆమ్‌లో, చిన్న జూ ఉండేది. ఇప్పుడున్న చోట ఇనుప చువ్వల బోనులు తక్కువ. కందకాలు తవ్వి, అవతలి ఒడ్డున జంతువులను తిరగనిస్తారు. చెట్లనీడ బాగుంది. కాళ్లు నొప్పి పుట్టినవారికి బ్యాటరీ బండ్లు, పిల్లలకు చిన్న రైలు ఉన్నాయి. గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. ప్లాస్టిక్ కవర్లు లోపలికి తీసుకుపోనివ్వరు. ఎందుకని విసుక్కున్న వారు, కవరుతో సహా అరటిపండు మింగిన దుప్పి కడుపు ఎలా అవుతుందో ఒక్కసారి తలచుకుంటే చాలు. మన ఊళ్లలో కవర్లు తిని కడుపు ఉబ్బి చచ్చిన ఆవులను చూడని వారెవరు?

మేకకు ఐదు నెలలు, పులికి మూడున్నర

బృందంలో వంగూరు వైపు గొల్ల పెద్దాయన ఒకరున్నారు. గొర్రెలు కాయడంలోనే తల పండినవాడు. పులి బోను ముందు అందరూ ఫొటోలు దిగుతుంటే, ఆయన మాత్రం జంతువులను చూసుకునే సిబ్బంది ఒకరిని పట్టుకుని పులి ఎన్ని నెలలకు ఈనుతుందని అడిగారు. మూడున్నర నెలలకని జవాబు వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు.

“మేకకు ఐదు నెలలు. గొర్రెకు ఐదు నెలలు. గింత పెద్ద పులికి మూడున్నర నెలలేనా? ఎక్కడో లెక్క తప్పింది సారూ” అన్నారు.

లెక్క తప్పలేదు. పులికీ, సింహానికీ కూడా దాదాపు 105 నుంచి 110 రోజులే. విషయమేమిటంటే, వేటాడి బతికే జంతువు నెలల తరబడి బరువైన కడుపుతో పరుగెత్తలేదు. పరుగెత్తకపోతే తిండి లేదు. అందుకే పిల్లలను త్వరగా, చిన్నవిగా, కళ్లు తెరవకముందే కనేసి పొదలోనో గుహలోనో దాచుకుంటుంది. పుట్టిన పులిపిల్ల కిలో, కిలోన్నర మించదు. మన మేకపిల్లే దానికన్నా కాస్త బరువుంటుంది. కళ్లు విచ్చడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మేక, జింక, బర్రె సంగతి వేరు. వాటి బిడ్డ పుట్టిన గంటకే లేచి తల్లి వెంట నడవాలి. కనుక కడుపులోనే పూర్తిగా తయారై బయటికి వస్తుంది. ఇది విన్నాక పెద్దాయన కాసేపు ఆలోచించి, “అవును మరి, కుక్కకు రెండు నెలలే. పిల్లలు గుడ్డివే పుడతయ్” అని తనకు తానే లెక్క సరిచేసుకున్నారు. పుస్తకం చదివిన వారికన్నా ఆయనకే ముందు అర్థమైందని ఈ విలేకరి అభిప్రాయం.

ఇక అక్కడి నుంచి ప్రతి బోను ముందూ అదే ప్రశ్న. ఖడ్గమృగానికి పదహారు నెలలు. జిరాఫీకి పదిహేను. ఏనుగుకు ఇరవై రెండు నెలలు, అంటే రెండేళ్లకు రెండు నెలలు తక్కువ. జిరాఫీ నిలబడే కంటుంది. బిడ్డ ఆరడుగుల ఎత్తు నుంచి దభీమని నేల మీద పడుతుంది. పడిన బిడ్డే దాదాపు ఆరడుగులుంటుంది. గంట తిరక్కుండానే లేచి నిలబడుతుంది. ఇది విని వెంట ఉన్న అవ్వ ఒకామె “అయ్యో, కింద గడ్డి అన్న పరవరా?” అని అడిగింది. పరుస్తారు.

నీటి ఏనుగు పురుడు ఎక్కువగా నీళ్లలోనే. ఎనిమిది నెలలు మోసి, నీటిలోనే కని, పైకి తోసి ఊపిరి పీల్పిస్తుంది. బిడ్డ నీళ్లలో మునిగి పాలు కూడా తాగుతుంది. ముక్కు, చెవులు మూసుకుని తాగి, ఊపిరి కోసం పైకి వచ్చి, మళ్లీ మునుగుతుంది. మొసలిది మరొక వింత. ఇసుకలో గుంట తీసి గుడ్లు పెడుతుంది. ఆ గుంటలో వేడి ఎంత ఉందన్న దాన్ని బట్టి పుట్టేది ఆడా మగా తేలుతుంది.

ఆడవారు ఎక్కువసేపు నిలబడింది ఈము పక్షి దగ్గర. గుడ్లు పెట్టడం వరకే ఆడదాని పని. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు పొదిగేది మగది. ఆ రోజుల్లో సరిగా తిండి తినదు, నీళ్లు తాగదు, లేచి అటూ ఇటూ తిరగదు. పిల్లలు బయటికొచ్చాక నెలల తరబడి వెంట తిప్పుకునేదీ అదే. “మా ఇంటాయనకు ఈ పిట్టను రోజూ చూపియ్యాలె” అని ఒకామె అనగానే బృందమంతా గొల్లుమంది. ఆ ఇంటాయన మాత్రం పక్కనే ఉన్న పిల్లవాడిని ఎత్తుకుని ముందుకు నడిచారు. ఈము పెంపకమని చెప్పి పదిహేనేళ్ల కింద తెలుగునాట ఎంతమంది రైతులు చేతులు కాల్చుకున్నారో తెలిసినదే కాబట్టి, ఆ పక్షి పేరు చెప్పగానే కొందరు ముఖం చిట్లించడమూ కనిపించింది.

బాలింత పులికి ఏకాంతం

ఆడపులి లేక ఆడసింహం కట్టిందని తెలిసిన తర్వాత మగదాన్ని వేరు చేస్తారు. ఈనే రోజులు దగ్గరపడ్డాక వెనుకవైపు గదిలోకి మార్చి, గడ్డి పరచి, వెలుతురు తగ్గిస్తారు. రోజూ తిండి పెట్టే మనిషి తప్ప ఇంకెవరూ ఆ గది దరికి పోరు. చూడవలసింది కెమెరా ద్వారానే చూస్తారు. పిల్లలు పుట్టాయన్న వార్త పత్రికల్లో రాగానే జనం బారులు తీరుతారు. పిల్లలు కనిపించకపోయేసరికి, టికెట్టు తీసుకున్నాం కదా ఎందుకు చూపించరని నిలదీస్తారు.

చూపించకపోవడానికి కారణముంది. కొత్తగా ఈనిన పులికి తన పిల్లలు ప్రమాదంలో ఉన్నాయన్న అనుమానం వస్తే వాటిని నోట కరచుకుని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి మార్చుతూనే ఉంటుంది. అడవిలోనైతే ఇంకో పొద దొరుకుతుంది. నాలుగు గోడల మధ్య ఎక్కడికి మార్చుతుంది? అలా తిప్పి తిప్పి పిల్లలకు పంటిగాట్లు పడతాయి. కొన్ని తల్లులు పాలివ్వడం మానేస్తాయి. కొన్ని పిల్లలను తినేస్తాయి కూడా. తొలి ఈతలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దీన్ని తల్లి క్రూరత్వమని మన వాళ్లు అనుకుంటారు గానీ, కలత చెందిన పంది, కుందేలు, పెంపుడు పిల్లి కూడా ఇదే పని చేస్తాయి.

తల్లి వదిలేస్తే సీసాపాలు పట్టి మనుషులు పెంచాలి. రెండు మూడు గంటలకొకసారి, రాత్రీ పగలూ. ఆవుపాలు సరిపోవు, పులిపాలు అంతకన్నా చిక్కన. పాలు తాగించాక తల్లి నాలుకతో నాకినట్లు తడిగుడ్డతో పొట్ట కింద తుడిస్తే గాని ఆ పసికూనకు మూత్రం రాదు, విరేచనం కాదు. ఇంత చేసినా బతుకుతుందన్న నమ్మకం లేదు. బతికినా మనిషికి అలవాటు పడిన పులి రేపు తన జాతితో కలవడం కష్టం. కాబట్టి తల్లి దగ్గర ఒక్క రోజు నిశ్శబ్దం దొరికితే, అది డాక్టర్లు నెల రోజులు పడే పాట్లకు సమానం.

ఆ నిశ్శబ్దమే అక్కడ కరువు. నిద్రపోతున్న సింహాన్ని లేపాలని ఈలలు వేసేవారు, చప్పట్లు కొట్టేవారు, సీసాలు విసిరేవారు ఈ విలేకరి కళ్ల ముందే ఎందరో కనిపించారు. చదువుకున్న పట్నం కుర్రాళ్లు ఇందులో ముందున్నారు. పల్లెల వారు పెద్దగా మాట్లాడుకుంటారు గానీ రాళ్లు వేయడం తక్కువ. అయితే కోతులకు తినుబండారాలు విసరడంలో మనమూ తీసిపోము. పాపమని పెడతాం. అవి రోజూ తినేది కొలత ప్రకారం పెట్టే తిండి. పైగా కొత్తగా ఈనిన కోతి పిల్లను పొట్టకు కరుచుకుని ఉండగా పండు విసిరితే, మందంతా మీద పడి కొట్లాడతాయి. ఆ తొక్కిసలాటలో దెబ్బ తగిలేది పిల్లకే.

మన నుంచి వాటికి రోగం వస్తుందన్న సంగతి కూడా ఇక్కడే రుజువైంది. 2021 మే నెలలో ఇదే జూలో ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్లు పరీక్షల్లో తేలింది. దేశంలో జంతువులకు అది సోకినట్లు బయటపడడం అదే మొదలు. సింహాలకు దగ్గు, ముక్కు కారడం కనిపిస్తే నమూనాలు తీసి సీసీఎంబీ శాస్త్రవేత్తలకు పంపారు. తర్వాత అవన్నీ కోలుకున్నాయి. కటకటాల నుంచి కొంత దూరంలో ఎందుకు నిలబెడతారో ఇకనైనా అడగనవసరం లేదు.

తెల్లపులి వంశం

జూలో జనం ఎక్కువగా మూగేది తెల్లపులి దగ్గర. దాని వంశం కథ తెలిస్తే రైతుకు వెంటనే అనుమానం వస్తుంది. 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో ఒక మగ తెల్లకూన దొరికింది. రీవా మహారాజు దానికి మోహన్ అని పేరు పెట్టి పెంచారు. మామూలు రంగు ఆడపులితో కలిపితే పుట్టినవన్నీ మామూలు రంగువే. చివరకు దాని కూతురితోనే కలిపితే 1958లో తెల్లకూనలు పుట్టాయి. నేడు జూలలో కనిపించే తెల్లపులుల్లో చాలావాటి వంశం ఆ మోహన్ దగ్గరికే చేరుతుంది.

ఒకే ఆబోతును దాని పెయ్యలకే వదిలితే మంద ఏమవుతుందో పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు. తెల్లపులుల్లో మెల్లకన్ను, వంకర వెన్ను, త్వరగా చనిపోయే కూనలు అందుకే ఎక్కువ. తెల్లపులి అనేది వేరే జాతి కాదు. రంగు తప్పిన మామూలు పులే. చూడటానికి బాగుంటుంది, కాదనలేం. అడవికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సింహాల విషయంలోనూ ఇలాంటి పొరపాటు కొన్ని జూలలో జరిగింది. గిర్ సింహాలను, సర్కసుల నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలను కలిపి ఉంచడంతో సంకర సంతానం పెరిగిపోయింది. తర్వాత వాటి సంతతిని ఆపించవలసి వచ్చింది. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడ్డాక ఈ విషయాలపై పట్టు బిగిసింది. ఏ జంతువు ఎవరి బిడ్డ, ఎప్పుడు పుట్టింది, దేనితో కలపవచ్చునన్న వంశావళి పుస్తకాలు ఇప్పుడు రాస్తున్నారు. జూలో ఎన్ని పిల్లలు పుడితే అంత గొప్ప అనుకునే రోజులు పోయాయి. దుప్పులు ఏటేటా పెరిగిపోతుంటే ఎక్కడ ఉంచాలో తెలియక తలలు పట్టుకునే జూలే ఎక్కువ. మరి ఏవి పుట్టాలి? అడవిలో తగ్గిపోతున్నవి పుట్టాలి.

మూడు కిలోల జింక

ఆ లెక్కన ఈ జూలో జరిగిన మేలైన పని సందర్శకుల కంటికి కనిపించని చోట జరిగింది. దాని పేరు మూషిక జింక. పాత పుస్తకాల్లో దీన్ని కురుపంది అని కూడా రాశారు. నిజానికి ఎలుకా కాదు, పందీ కాదు. మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అతి చిన్నవాటిలో ఇది ఒకటి. పెద్దదానికే మూడు కిలోల బరువు, అడుగు ఎత్తు. ఒంటి మీద తెల్లని మచ్చలు, చారలు. కొమ్ములు లేవు. కొమ్ములకు బదులు మగదానికి పైదవడలో చిన్న కోరలుంటాయి. పగలంతా చెట్టు తొర్రలో, రాళ్ల సందులో నక్కి, రాత్రి బయటికి వచ్చి రాలిన పండ్లు, లేత ఆకులు తింటుంది. నల్లమలలో పుట్టి పెరిగిన వారిలోనూ దీన్ని కళ్లారా చూసినవారు కొద్దిమందే.

అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వారి ప్రయోగశాల, నెహ్రూ జూ కలిసి 2010లో కొద్దిపాటి మూషిక జింకలతో పెంపకం మొదలుపెట్టాయి. ఇది అంత సులువైన పని కాదు. ఈ జింక మహా పిరికిది. చేత్తో పట్టుకుంటే భయానికే గుండె ఆగి చావగలదు. సూది వేసి రక్తం తీసి కట్టిందో లేదో చూద్దామంటే కుదరదు. అందుకని శాస్త్రవేత్తలు దాని పేడ ఉండలు ఏరి, వాటిని పరీక్షించి ఎదకు వచ్చిందా, సూడిగా ఉందా అన్నది తేల్చారు. జంతువును తాకనైనా తాకకుండా దాని కడుపులో సంగతి తెలుసుకున్నారన్న మాట. మన పశువుల ఆసుపత్రిలో బర్రెకు చేయి పెట్టి చూసే పద్ధతి తెలిసిన వారికి ఇది గొప్పగానే తోస్తుంది.

ఈ పరీక్షల్లో తేలిన మరొక విశేషాన్ని గొల్ల పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయన మొదట నవ్వులాట అనుకున్నారు. బర్రె ఈనాక మళ్లీ ఎదకు రావడానికి నెలలు పడుతుంది. రాక రాక ఏడాది పట్టిన బర్రెలను చూసి రైతు ఏడుస్తాడు. మూషిక జింక ఈనిన కొద్ది గంటలకే మళ్లీ మగదానితో కలుస్తుంది. ఒక బిడ్డ పాలు తాగుతుండగానే మరొకటి కడుపులో పడుతుంది. ఐదు నెలల మోత. ఈతకు ఒకటి, అరుదుగా రెండు. పులి, చిరుత, అడవికుక్క, కొండచిలువ, గద్ద అన్నీ తినేవే కాబట్టి ప్రకృతి దానికి ఈ దారి చూపించింది. అదే గుణం పెంపకంలోనూ కలిసొచ్చింది. కొన్నేళ్లలోనే వాటి సంఖ్య రెండు వందలు దాటింది.

పెంపకం జరిగే ఆ చోటికి సందర్శకులను రానివ్వలేదు. బ్యాండు మేళం చప్పుడు వినిపిస్తేనే బెదిరి గోడకు తల కొట్టుకునే జంతువది. జూకు వెళ్లి మూషిక జింక కనిపించలేదని నొచ్చుకునే వారికి చెప్పేది ఇదే. రాత్రిపూట తిరిగే జంతువులు ఎలా ఉంటాయో చూడాలనుకుంటే నిశాచర జంతువుల శాల ఉంది. అక్కడ రాత్రి దీపాలు వెలిగించి, పగలు చీకటి చేస్తారు. దాంతో దేవాంగ పిల్లులు, గబ్బిలాలు, గుడ్లగూబలు పగలే రాత్రి అనుకుని తిరుగుతుంటాయి. లోపలికి పోగానే ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు మెదలకుండా నిలబడాలి. మన బృందంలో చాలామంది రెండు నిమిషాలకే బయటికి వచ్చేశారు. నిలబడిన పిల్లలు మాత్రం దేవాంగ పిల్లి కళ్లు చూసి మురిసిపోయారు.

మన గడ్డ మీదికి

2017లో జూలో పుట్టిన మూషిక జింకల్లో కొన్నింటిని తెచ్చి విడిచిపెట్టింది ఎక్కడో కాదు. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనే. దాదాపు 2,600 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో, ముందుగా కంచె వేసిన కొంత జాగాలో వాటిని వదిలి, ఇక్కడి గాలికి, ఆకుకు, చప్పుళ్లకు అలవాటు చేశారు. పట్నంలో పుట్టి, గిన్నెలో పెట్టిన తిండి తిని పెరిగిన బిడ్డ. ఒక్కసారిగా అడవిలో వదిలితే ఎలా బతుకుతుంది? అందుకే ఈ ఏర్పాటు. ఆడబిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు నాలుగు రోజులు తోడుగా ఎవరో ఒకరిని పంపినట్టు.

పుట్టింటి వారు చేయవలసింది చేశారు. ఇక మెట్టినింటి వారిమైన మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

మూషిక జింకకు చిరుతపులి కన్నా పెద్ద శత్రువు ఊరకుక్క. మేకల వెంట, గొర్రెల వెంట అడవిలోకి వెళ్లే మన కుక్కలు తొర్రల్లో వాసన పట్టి లాగేస్తాయి. చిరుత ఆకలైనప్పుడే వేటాడుతుంది. కుక్క ఆటకు కూడా చంపుతుంది. పైగా కుక్కలకు వచ్చే రోగాలు అడవి జంతువులకు అంటుకుంటాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, కుక్కల్లో కనిపించే డిస్టెంపర్ అనే జబ్బు వాటిలో బయటపడింది. కుక్కలకు టీకా వేయించడమన్నది మన ఊళ్లలో ఇంకా నామమాత్రమే. పశువైద్య శిబిరాలు ఆవులకు, గొర్రెలకు పెడతారు. అడవి అంచు గ్రామాల్లో కుక్కల కోసం కూడా ఏడాదికొక శిబిరం పెట్టించాలని సర్పంచులు అడగవలసిన అవసరం ఉంది.

రెండవది ఉచ్చు. అడవిపందికని, కుందేలుకని పెట్టిన ఉచ్చులో ఏది పడుతుందో ఎవరికి తెలుసు? మూషిక జింక వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన జాబితాలో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. కిలో మాంసం కోసం ఇంత తెచ్చుకోవడం తెలివైన పని కాదు. మూడవది నిప్పు. ఇప్పపువ్వు ఏరేందుకు, తునికాకు చిగురు కోసం చెట్ల కింద పెట్టే చిన్న మంట ఎండాకాలం గాలికి గుట్టలు ఎక్కుతుంది. దుప్పి పరుగెత్తి తప్పుకుంటుంది. తొర్రలో దాగిన మూషిక జింక కదలదు. దాగడమే దానికి తెలిసిన విద్య.

శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను వదలకుండా మన్ననూరు చెక్‌పోస్టులో ఆపడంపై మన వాళ్లలో అసంతృప్తి ఉంది. అత్యవసరాల్లో ఇబ్బంది నిజమే, దానికి మార్గం చూడవలసిందే. అయితే రాత్రి మాత్రమే తిరిగే జంతువు రోడ్డు దాటేదీ ఆ గంటల్లోనే. ఈ ఆంక్ష లేకపోతే బండ్ల చక్రాల కింద ఎన్ని పోయేవో లెక్క కూడా దొరకదు, అంత చిన్నది మరి. అడవి కాపలాలో పనిచేస్తున్న చెంచు యువకులకు ఈ అడవిలో ఏ తొర్ర ఎక్కడుందో తెలుసు. వారికి మనం చేయవలసిన సాయం ఉచ్చులు కనిపిస్తే చెప్పడం.

పొలంలో దొరికిన పిల్ల

మాట వచ్చింది కాబట్టి మరొకటి చెప్పాలి. పాలమూరు పడమటి వైపు, మక్తల్, నారాయణపేట చేలల్లో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. కంది చేనులోనో, గట్టు మీది గడ్డిలోనో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న జింకపిల్ల రైతుల కంటపడుతుంటుంది. తల్లి వదిలేసిందని జాలిపడి ఇంటికి తెచ్చి ఆవుపాలు పట్టి, నాలుగు రోజుల తర్వాత అధికారులకు అప్పగించడం చూస్తున్నాం. జూలో కృష్ణజింకలు ఈనినప్పుడు గమనిస్తే అసలు సంగతి తెలుస్తుంది. పుట్టిన పిల్లను తల్లి గడ్డిలో దాచి, తాను దూరంగా వెళ్లి మేస్తుంది. తన వాసనకు వేటజంతువు పిల్ల దగ్గరికి రాకూడదని. పాలివ్వడానికి మాత్రం రోజులో కొన్నిసార్లు వచ్చి పోతుంది. పిల్ల దగ్గర మనిషి నిలబడి ఉంటే అది రాదు. కాబట్టి కుక్కలు చుట్టూ లేకపోతే, గాయం కనిపించకపోతే, పిల్లను ముట్టకుండా తప్పుకోవడమే దానికి మనం చేసే సాయం. ఇంటికి తెచ్చిన పిల్లల్లో బతికి బట్టకట్టేవి తక్కువ.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో బస్సు కడ్తాల్ దాటేసరికి పిల్లలందరూ నిద్రపోయారు. గొల్ల పెద్దాయన మాత్రం మూషిక జింక సంగతే మళ్లీ మళ్లీ అడిగారు. దాని అడుగు ఎంత ఉంటుందని ప్రశ్నించారు. బొటనవేలి గోరంత, రెండు చీలికలుగా ఉంటుందని చెప్పగా, ఆయన తన బొటనవేలు చూసుకుని, ఇంజను చప్పుడులో ఇలా అన్నారు:

“మద్దిమడుగు దిక్కు మందను తోలినప్పుడు వాగు ఒడ్డున బురదల జూసిన సారూ గా అడుగు. నిన్న మొన్న పుట్టిన దుప్పిపిల్లదనుకున్న. తల్లి అడుగు పక్కన లేదేందని ఆ రోజే అనుమానమొచ్చింది.”

కుక్క వెంట ఉండిందా అని అడిగితే, రెండున్నాయన్నారు. వచ్చే ఏడు అటు పోయేటప్పుడు వాటిని గుడిసె దగ్గరే కట్టేసి పోతానని, అయితే తోడేలు వస్తే మందను ఎవరు కాస్తారో అటవీశాఖ వారే చెప్పాలని ఆయన అన్నారు. ఆ మాటకు అధికారులు జవాబు చెప్పవలసి ఉంది.